లారీ నుదుటి మీద పేరు

నాంపల్లి,
11 ఆగస్టు 2003

డోరక్కకు తమ్ముడు సైలస్ వందనాలు.

క్రిస్మస్ కార్డు తప్ప నా దగ్గర్నుంచి ఇంకేదీ రాని ఇంటికి ఇంత పొడుగు ఉత్తరం వచ్చేసరికి ఎవరో పోయారనుకుని ఉంటావు. ఎవరూ పోలేదు. ఈ అచ్చు అక్షరాలు చూసి కూడా కంగారు పడకు. ఆబిడ్స్‌లో డీటీపీ షాపు నడిపే అంజన్ అని ఒకాయన ఉన్నాడు. ఒకప్పుడు ఆయన షాపు బోర్డు రాసింది నేనే. కొత్త మిషన్లు కొనుక్కుని, పాత కంప్యూటరూ ప్రింటరూ తెచ్చి నా గదిలో పెట్టి పోయాడు. ఇక ఉత్తరాలు కూడా దీనిమీదే కొడుతున్నాను. వేళ్ళకు అలవాటు కావాలి గదా.

బ్రష్ పక్కన పెట్టి రెండేళ్ళు దాటింది. ఇప్పుడంతా ఫ్లెక్సీలే. సాయంత్రం చెప్తే పొద్దున్నకల్లా మనిషంత మొహంతో గుడ్డ దిగుతుంది. నాలాంటివాళ్ళ కోసం ఎవరు ఎదురుచూస్తారు? ఉస్మాన్‌గంజ్ వైపు పోతే లారీలవాళ్ళు ఇంకా "పెయింటర్ సాబ్" అని చాయ్ తాగిస్తారు, అంతే.

అసలు సంగతికి వస్తాను. కిందటేడు ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో ఒక ఇంగ్లీషు పత్రిక దొరికింది. బొమ్మ రైళ్ళూ బొమ్మ విమానాలూ చేసుకునే పెద్దవాళ్ళ పత్రిక. అసలు బండి కొలతలు తీసుకుని, అన్నీ ఇరవై నాలుగో వంతుకు తగ్గించి చేస్తారు. వాటి మీద పేర్లూ నంబర్లూ చేత్తో రాయరు. ఇంట్లోనే కంప్యూటర్లో గీసి, జిగురు పూసిన ఒక రకం కాగితం మీద అచ్చేస్తారు. నీళ్ళలో నానబెడితే అచ్చు సన్నటి పొరలాగా ఊడి వస్తుంది. దాన్ని బండి మీదికి మెల్లగా జార్చాలి. ట్రాన్స్‌ఫర్ అంటారు. అమ్మ కుట్టుమిషన్ మీద బంగారు పూలతీగ ఉండేది, గుర్తుందా? పెయింటనుకుని నువ్వు గోటితో గీకి దెబ్బలు తిన్నావు. అది ట్రాన్స్‌ఫరే.

మొదట నాంపల్లి నుంచి చార్మినార్ పోయే బస్సు ఒకటి చేశాను. పర్వాలేదు. ఇప్పుడు ఇజ్రాయేల్ బావ లారీ చేద్దామని ఉంది. చెక్కా రేకూ పని మా గల్లీ వడ్రంగి చేస్తానన్నాడు. నుదుటి మీద "జెర్లిన్" అని నేను రాసిన బోర్డు ఉండేది గదా, దాన్ని ఉన్నది ఉన్నట్టు వెయ్యాలి. నీ దగ్గర ఒక ఫొటో ఉంది. పేరు రాసిన రోజు తీసింది. బావ భుజాల మీద మీ జెర్లిన్. ఒక నెల రోజులు ఇస్తావా? జాగ్రత్తగా తిప్పి పంపుతాను.

లారీ నంబరు కూడా రాయి.

నీ తమ్ముడు
సైలస్

———

మెదక్,
30 ఆగస్టు 2003

సైలస్‌కు,

ఉత్తరం చేరింది. రెండు వారాలు ఆలోచించి జవాబు రాస్తున్నాను. హాస్టల్లో మేట్రన్‌గా ఉన్నప్పుడు ఆడపిల్లలు తప్పు చేసి వచ్చి వేరే సంగతులన్నీ చెప్పేవాళ్ళు. నీ ఉత్తరం కూడా అలాగే ఉంది. కుట్టుమిషన్ చెప్పావు, ఫ్లెక్సీలు చెప్పావు. ఆ పేరును చెరిపింది ఎవరో చెప్పలేదు.

నాకు తెలియదనుకుంటున్నావేమో. మీ బావ పోయిన ఏడాదికి లారీ అమ్మేశాం. జెర్లిన్ పోయి అప్పటికి మూడేళ్ళు. అమ్మిన నాలుగు నెలలకు అదే లారీ వడ్లకోసం మా మెదక్ వచ్చింది. నుదుటి మీద వేరే పేరు ఉంది. అక్షరాలకు తలకట్టు చిలక ముక్కులా వంచి రాసేవాడు రాష్ట్రం మొత్తం మీద నాకు తెలిసి ఒక్కడే. రోడ్డు మీద నిలబడి చదివాను. నా తమ్ముడి చేతిరాత నాకు తెలియదా?

పేరు పోతే పోయింది. అందులో వేలి గుర్తు ఉందిరా. రంగు తడిగా ఉండగా పిల్ల ఆగలేక "ర్లి" మీద వేలు పెట్టింది. నువ్వు దిద్దబోతే మీ బావ ఉండనీ అన్నాడు. ఆరేళ్ళ పిల్ల వేలు ఎంత ఉంటుందో అంత గుంట. పిల్ల పోయాక నేను బంపర్ ఎక్కి, ఆ గుంటలో నా వేలు పెట్టుకుని నిలబడేదాన్ని. మీ బావ చూసీ చూడనట్టు ఇంట్లోకి పోయేవాడు. ఇదంతా నీకు తెలుసు. తెలిసీ శాండ్‌పేపర్ పట్టావు. ఒక్క మాట అడుగుతాను. చెరిపేటప్పుడు నీ చెయ్యి వణకలేదా?

ఫొటో పంపుతున్నాను. పెట్టెలో ఉన్నా ఒకటే, నీ దగ్గరున్నా ఒకటే. తిప్పి పంపకపోయినా పర్వాలేదు.

నంబరు ఎ.ఎ.టి. 6183. నీలం ఆకాశం రంగు కాదు, మా హాస్టల్ పిల్లల లంగాల రంగు. ఫొటోలో తెలియదు కాబట్టి చెప్తున్నాను.

డోరా

———

నాంపల్లి,
19 అక్టోబరు 2003

అక్కా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని పబ్లిక్ గార్డెన్లో రెండు రోజులు కూర్చున్నాను. పన్నెండేళ్ళు నువ్వు మాట తగ్గించింది బావ పోయిన దుఃఖంతో అనుకున్నాను. నీకు తెలుసని నాకు తెలియదు.

చెప్తాను. లారీ కొన్న సేటు నన్ను ఉస్మాన్‌గంజ్‌కు పిలిపించాడు. నేను నీ తమ్ముణ్ణని ఆయనకు తెలియదు. "ఎవలిదో పోరి పేరు నా బండి మీద ఎందుకు? మార్చాలె" అన్నాడు. నేను కాదంటే పక్కనే ఇంకో పెయింటర్ బ్లో ల్యాంపు వెలిగించుకుని సిద్ధంగా ఉన్నాడు. మంటపెట్టి రంగు ఉడికించి గరిటెతో గీకేస్తారు, నీకు తెలుసు. పిల్ల పేరు అలా కాలడం చూడలేకపోయాను. చెరిపేది ఎలాగూ తప్పదు, నా చేత్తోనే నెమ్మదిగా పోనీ అనుకున్నాను. వేలి గుర్తు దగ్గరికి వచ్చేసరికి ఆగి బీడీ కాల్చాను. ఆ తర్వాత అదీ చేశాను. తప్పే. నీకు చెప్పకపోవడం ఇంకా పెద్ద తప్పు.

ఆ గుర్తు కోసమే అక్కా ఈ బొమ్మ. ఫొటోను ఆబిడ్స్‌లో స్కాన్ చేయించాను. అంజన్ స్క్రీన్ మీద పెద్దది చేసి చూపించాడు. "ర్లి" గుడి కింద ఒక మసక చుక్క. పక్కనే బావ భుజాల మీద పిల్ల, వేలు పైకెత్తి చూపిస్తోంది, వేలి కొసకు రంగు. అంజన్ కుర్చీ నావైపు జరిపి బయటికి పోయాడు. ఆయనకూ కూతురుంది.

ఇప్పుడు ఆ ఫొటో మీద నా అక్షరాలనే మౌస్‌తో దిద్దుకుంటున్నాను. గీత పక్కకు పోతే వెనక్కి తీసుకోవచ్చు. ఎన్నిసార్లు తప్పు పోయిందో ఎవరికీ తెలియదు. ముప్పై ఏళ్ళ కింద ఈ మిషనుంటే ఎంత రంగు మిగిలేదో.

ఒక్కటే చిక్కు. పేరు తెల్లరంగులో ఉండేది. ఎంత కొట్టినా తెలుపు అచ్చు పడటం లేదు. అంజన్ నవ్వి, "సార్, గీ ప్రింటర్ల తెల్లసిరా ఉండదు. తెలుపంటే ఉత్త కాగితమే" అన్నాడు. తెల్ల అడుగున్న కాగితం తెప్పించి మొదటి ట్రాన్స్‌ఫర్ చేశాను. నీళ్ళలో సిరా కరగకుండా పైన వార్నిష్ పూయాలి. బ్రష్‌తో ఏడు పూతలు పూశాను. ఒక్కో అక్షరం చుట్టూ అంజనే బ్లేడుతో కోసిపెట్టాడు. అంటిస్తే ఒంటిమీద ప్లాస్టర్ వేసినట్టు ఉబ్బి నిలబడింది. పరమ అసహ్యంగా ఉంది.

నీ దస్తూరి ఏమిటక్కా ఇంత గుండ్రంగా మారింది? ఇదివరకు కోడి గీకినట్టు రాసేదానివి.

సైలస్

———

మెదక్,
16 నవంబరు 2003

సైలస్‌కు,

మొన్న ఆదివారం చర్చిలో కోతపండుగ అయింది. గుమ్మడికాయలు, కోళ్ళు, బియ్యం వేలం వేశారు. నేను ఒక కోడిపెట్టను పాడుకున్నాను, అది ఆ సాయంత్రమే పారిపోయింది. దాన్ని పట్టుకోవడానికి పక్కింటి కమల టీచర్ వీధంతా తిరిగింది. ఆమె బడి నుంచి రిటైరయ్యి మా పక్క వాటాలో చేరింది. చాలా సాయం చేస్తుంది.

దస్తూరి సంగతి అడిగావు. వయసొచ్చాక కుదురొచ్చింది అనుకో. నువ్వు మాత్రం చేత్తో నాలుగు ముక్కలు రాయడానికి బద్ధకించి మిషను మీద కొడుతున్నావు. చేతిరాతతో బతికినవాడివి.

నువ్వు రాసింది చదివాను. మంట పెట్టనివ్వకూడదని నువ్వే చెరిపావన్నావు. అది నిజమే అయి ఉంటుంది. మేలు చేసిన లెక్కన చెప్పకు, నాకు మండుతుంది. నాకు చెప్పి ఉంటే వచ్చి ఆ గుర్తు మీద ఒకసారి చెయ్యి పెట్టి వెళ్ళేదాన్ని. ఒక్క కబురు పంపితే ఏం పోయేది?

ఆ మొదటిది, ఉబ్బి నిలబడిందన్నావే, అది పారెయ్యకు. నాకు పంపు. అందంతో నాకేం పని? అక్షరాలు లావుగా, దళసరిగా ఉంటేనే నాకిష్టం. నువ్వు లారీ మీద రాసినప్పుడు రంగు అలాగే గట్టుకట్టి ఉండేది. గుర్తు కూడా లోతుగా ఉండాలి.

డోరా

———

నాంపల్లి,
25 జనవరి 2004

డోరక్కకు కొత్త సంవత్సరపు శుభాలు, ఆలస్యంగా.

నీ ఉత్తరం వచ్చేసరికి ఆ మొదటిది ఊడబీకి చెత్తలో వేసేశాను. దాన్ని నీకు పంపితే నా పరువేం కాను? కోడిపెట్ట సంగతి చదివి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఇక్కడ నుమాయిష్ ఎగ్జిబిషన్ జోరుగా ఉంది, స్టేషన్ దాకా జనం. లౌడ్‌స్పీకర్ల గోలకు గదిలో తలుపులు వేసుకుని పని చేస్తున్నాను.

దళసరిగా ఉండాలన్నావు. అక్కా, నువ్వింకా దీన్ని పెయింటు అనే అనుకుంటున్నావు. ఈ పనిలో గొప్పంతా పల్చగా ఉండటంలోనే ఉంది. ఆ పత్రికలో ఒక పరీక్ష రాశారు. అంటించి, వార్నిష్ వేసి, ఆరాక తడిపిన గరుకుకాగితంతో రుద్ది, మళ్ళీ వార్నిష్ వేసి, మళ్ళీ రుద్ది, చివరికి కళ్ళు మూసుకుని వేలితో నిమిరి చూడాలి. పొర ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో వేలికి తెలిసిందా, పని చెడినట్టే. అసలు లారీ మీద రంగు మందం ఇరవై నాలుగో వంతుకు తగ్గితే ఎంత మిగులుతుంది, నువ్వే చెప్పు.

తెలుపు చిక్కు కూడా విడిపోయింది. మళ్ళీ మన పాత పద్ధతే. ముందు బోర్డు మొత్తం తెల్లరంగు. పారదర్శకంగా ఉండే కాగితం మీద నీలం మాత్రం అచ్చేస్తాను, పేరు ఉన్నచోట ఖాళీ వదిలేస్తాను. దాన్ని తెల్లబోర్డు మీదికి జారిస్తే ఖాళీలోంచి పేరు కనిపిస్తుంది. అంటే పిల్ల పేరున్న చోట సిరా చుక్క కూడా ఉండదు. ఇది తోచిన రోజు నాకు అన్నం సహించలేదు. ఎందుకో నువ్వే అర్థం చేసుకో.

వేలి గుర్తును ఫొటోలో ఉన్నట్టే, దాని నీడతో సహా గీశాను. భూతద్దం పెట్టి చూస్తే వేలిగీతలు రెండు కూడా కనిపిస్తాయి. అంత సూక్ష్మంగా వచ్చింది.

సైలస్

———

మెదక్,
14 మార్చి 2004

తమ్ముడికి,

ఎండలు ముదిరాయి. షుగరు బిళ్ళలు మార్చారు. అంతకుమించి నా సంగతులు ఏమీ లేవు.

సూక్ష్మంగా వచ్చిందంటే సంతోషమే. కాని నేను అడిగింది అది కాదు. మళ్ళీ చెప్తున్నాను, నాకు లావుగా కావాలి. నా ముసలి ముచ్చట అనుకో. పత్రికవాళ్ళ పరీక్ష పత్రికవాళ్ళకే ఉండనీ.

అయిందా లేదా అని అడుగుతున్నానని విసుక్కోకు. ఎప్పటికవుతుంది? పార్సిల్ కాదు, నువ్వే పట్టుకుని రా. వచ్చి పదమూడేళ్ళయింది. చేపల పులుసు చేస్తాను. వస్తే నీతో ఒక మాట చెప్పుకోవాలి. ఉత్తరంలో రాసేది కాదు.

డోరా

———

నాంపల్లి,
2 ఆగస్టు 2004

అక్కా,

ఇంత ఆలస్యమైనందుకు నువ్వు కోపంగా ఉంటావని తెలుసు. మార్చి ఉత్తరంలోనే నీ తొందర కనపడింది. ఏం చెయ్యను, వాన మొదలయ్యాక వార్నిష్ ఆరదు. గాలిలో తడికి పాలు ఒలికినట్టు తెల్లగా మసకబారుతుంది. నాలుగు బోర్డులు అలా పాడయ్యాయి. గదిలో చెమ్మ వాసన, కింద గల్లీలో మోకాలిలోతు నీళ్ళు. పోయిన వారం మూడు రోజులు తెరిపిచ్చింది. ఆ మూడు రోజుల్లో ముగించాను.

చాలా బాగా వచ్చిందని నా నోటితో నేనే చెప్పకూడదు. అంజన్ చూసి, "సార్, గిది చిన్నగ చేసిన లారీ కాదు, దూరంకెల్లి కనబడే లారీ" అన్నాడు. పత్రికలో చెప్పిన పరీక్ష కూడా చేశాను. కళ్ళు మూసుకుని వేలితో నిమిరితే అద్దం మీద నిమిరినట్టే ఉంది. ఎక్కడా ఏమీ తగల్లేదు. నా జన్మలో ఇంత నునుపైన పని చెయ్యలేదు.

నేను రాలేను అక్కా. పనులున్నాయి, ఒంట్లో కూడా జర నలతగా ఉంది, ఫికర్ పడాల్సిందేమీ లేదు. మా గల్లీ రాజమల్లు మెదక్ బస్సుకు కండక్టరు. దూదిలో చుట్టి ఆయన చేతికిచ్చాను. ఫొటో కూడా అందులోనే పెట్టాను. నువ్వు చెప్పాలనుకున్న మాట ఉత్తరంలోనే రాయి. క్షమించానని రాస్తావేమోనని ఆశ. రాయకపోయినా బొమ్మ నీదే.

సైలస్

———

మెదక్
9.8.04

సైలస్

లారీ వచ్చింది. చక్రాలు తిరుగుతున్నాయి. తలుపులు ఉన్నాయి. వెనకాల గొలుసులు కూడా ఉన్నాయి. నుదుటి మీద ఏమీ లేదు. బోర్డంతా నున్నగా ఉంది. పేరు ఏదిరా. గుర్తు ఏది. ఏడాది పాటు ఆశపెట్టి రెండోసారి కూడా తుడిచేశావా.

డోరా

———

నాంపల్లి,
17 ఆగస్టు 2004

అక్కకు,

నీ కార్డు వచ్చింది. పాత దస్తూరి మళ్ళీ వచ్చింది. లైను మీద లైను ఎక్కించి, కార్డు అంచు దాటిపోయి, అంత కోపంగా రాశావు. సగం చదవడానికి అంజన్ సాయం తీసుకోవాల్సి వచ్చింది. ఆయన ముందు నా తల తీసేసినట్టయింది.

రాజమల్లును అడిగాను. డబ్బా తీసి చూపించే ఇచ్చాడట. "పేరుంది సార్, నేనే చదివిన. అమ్మ ఒక్కతే ఉండె, తలుపు కాడ చేతులు చాపి తీసుకుంది" అన్నాడు. పేరు ఊడిపోయే ప్రశ్నే లేదు. నాలుగు పూతల వార్నిష్ కింద ఉంది. నీలం బోర్డు మీద తెల్లగా, చిన్నపిల్లకైనా కనపడేలా ఉంది.

నామీద ఇన్నేళ్ళుగా ఉన్న కోపం పోలేదని ఒప్పుకుంటాను. నీ బొమ్మ నాకొద్దు అని రాసి ఉంటే నేను భరించేవాణ్ణి. ఉన్నదాన్ని లేదనడం నీకు తగదు. ఏడాది పని చేశానక్కా. అసలు చూడకుండానే రాశావా? ఒక్కసారి వెలుతుర్లో పెట్టి కళ్ళారా చూసి ఉంటే ఈ కార్డు రాసేదానివి కాదు.

సైలస్

———

మెదక్,
12 సెప్టెంబరు 2004

సైలూ,

నీ చివరి రెండు ఉత్తరాలూ వారాల తరబడి విప్పకుండా బల్లమీదే ఉన్నాయి. చదివిపెట్టేవాళ్ళు ఊళ్ళో లేరు. కమల సిద్దిపేటలో కూతురి పురిటికి పోయి మొన్ననే వచ్చింది. ఈ ఉత్తరం రాస్తున్నది ఆమే. మొదటి నుంచీ రాసింది ఆమే, నీవి చదివి వినిపించింది ఆమే. నా చేత్తో నేను రాసింది ఆ కార్డు ఒక్కటే.

నాకు చూపు లేదు. షుగరు కళ్ళలోకి దిగింది. ఎడమ కన్ను మూడేళ్ళ కింద క్రిస్మస్ నాటికే పోయింది. కుడి కన్ను ఆ మరుసటి వానాకాలం. ఇప్పుడు పగలు తెల్లగా, రాత్రి నల్లగా, అంతే తేడా. నీకెందుకు చెప్పలేదంటే, నువ్వంటే కోపం ఉండగా నీ జాలి తీసుకోవడం ఇష్టం లేకపోయింది. మార్చిలో రమ్మన్నది ఇది చెప్పడానికే.

ఫొటో ఎందుకు ఇచ్చేశాననుకున్నావు? నాకది వట్టి అట్టముక్క. నువ్వు బొమ్మ లారీ మీద పేరు వేస్తానంటే, వేలితో చదువుకోవచ్చని ఆశపడ్డాను. గుర్తు దగ్గరికి వెళ్ళి వేలు ఆగుతుందని అనుకున్నాను. దళసరిగా చెయ్యమని అందుకే అన్నాను, రెండుసార్లు. కళ్ళు మూసుకుని చేసే పరీక్ష గురించి కమల చదువుతుంటే ఆపమన్నాను. అయినా, వీడి చేతిపని నాకు తెలుసు, ఏదో కొంచెమైనా తగలకపోదు అనుకున్నాను.

రాజమల్లు వెళ్ళాక మంచం మీద పెట్టుకుని నుదురు వెతికాను. ఈ చివర నుంచి ఆ చివరకు, పై నుంచి కిందికి. గాజుపలక మీద పోయినట్టు పోయింది వేలు. పొద్దుపోయేదాకా వెతికాను. ఇల్లంతా జెర్లిన్ అని పిలుచుకుంటూ తిరిగినట్టయింది. తర్వాత కార్డు తీసి రాశాను.

కమల పేరు ఉందంటోంది. నన్ను ఊరడించడానికి అబద్ధం చెప్తున్నావని ఆమెను కూడా తిట్టాను. ఇప్పుడు నమ్ముతున్నాను. నా వేలు మాత్రం నమ్మడం లేదు. నీ తప్పేమీ లేదు. బొమ్మను బీరువా మీద పెట్టించాను.

డోరా

సైలస్ అన్నయ్యగారికి, కమల నమస్కారాలు. పేరు ఉందండి. ఇంత చక్కటి పని నేనెక్కడా చూడలేదు. వేలి గుర్తు చూసి నేను ఏడ్చాను. అదే చెప్పాను ఆమెకు. "నీకు కనపడితే నాకేం లాభం" అన్నారు.

———

నాంపల్లి,
28 నవంబరు 2004

అక్కా,

రెండు నెలలైంది, జవాబు లేదని అనుకుంటూ ఉంటావు. చూడకుండానే రాశావా అని నేను నిన్ను అడిగాను. ఆ ముక్క టైపు చేసిన వేళ్ళను ఏం చెయ్యాలో తెలియడం లేదు. ఉత్తరం జీపీవో డబ్బాలో పడేసి, గెలిచినట్టు చాయ్ తాగి వచ్చాను ఆ రోజు.

కాగితాలన్నీ అంజన్‌కు తిప్పి ఇచ్చేశాను. "ఏమైంది సార్, గింత మంచిగ నేర్చుకున్నంక?" అన్నాడు. చెప్పాను. ఆయన షట్టర్ సగం దించి కూర్చుండిపోయాడు.

సుల్తాన్ బజార్‌లో పాత దుకాణంలో ఎనామిల్ డబ్బాలు ఇంకా దొరుకుతున్నాయి. తెలుపూ నీలం తెచ్చాను. మూరెడు రేకు కోయించి లప్పం పెట్టి నున్నగా చేసి, నీలం వేసి, పేరు చేత్తో రాశాను. పూత మీద పూత, ఆరనిచ్చి మళ్ళీ పూత, ఎనిమిది పూతలు. రోజుకు ఒక్క అక్షరమే. కొన్ని రోజులు అది కూడా కాలేదు. రాజమల్లు రేపు తెస్తాడు.

బాగా లేదు. ఇంత చెడ్డగా నేనెప్పుడూ రాయలేదు. కమలగారిని చూడొద్దని చెప్పు, నువ్వు మాత్రం ముట్టుకో. "ర్లి" కింద గుంట పెట్టలేదు. రంగు తడిగా ఉండగా ఒకసారి వేలు దాకా తీసుకెళ్ళి వెనక్కి తీసుకున్నాను. అది పిల్ల గుర్తు. చెరపగలిగాను గాని, పెట్టడం నా చేతుల్లో లేదు.

సైలస్

———

మెదక్,
12 డిసెంబరు 2004

సైలూ,

రేకు వచ్చింది. నువ్వు చెప్పినట్టే కమలను చూడనివ్వలేదు. ఇది చెప్తూ రాయిస్తున్నప్పుడు కూడా ఒళ్ళో పెట్టుకుని కొంగు కప్పుకున్నాను. కొంగు కింద నా చెయ్యి ఉంది.

చదివాను. మొదటిసారి వేలు పెట్టగానే తగిలింది. గట్టుకట్టిన రంగు, నీ లారీల రంగు. చిలకముక్కు వంపు కూడా తెలిసింది. రోజుకు నాలుగైదుసార్లు చదువుతున్నాను. గుర్తు లేదు. లేదని ముందే రాశావు కాబట్టి వెతకలేదు. అది ఉండాల్సిన చోట వేలు పెట్టుకుని కూర్చుంటున్నాను.

అయితే ఇంకొకటి కూడా తెలిసింది. "జె" మొదటి వంపు దగ్గర గీత తిన్నగా లేదు. చిన్నచిన్న పళ్ళలాగా ఉంది, రంపం అంచులాగా. "ర్లి" దగ్గర ఇంకా ఎక్కువ. గుడి చుట్టేటప్పుడు మూడుసార్లు ఆగి మళ్ళీ మొదలుపెట్టావు, ఆగినచోటల్లా రంగు ముద్దకట్టింది. "న్" పొల్లు రెండుసార్లు పక్కకు జారింది, దిద్దావు, దిద్దింది కూడా జారింది. ముప్పై ఏళ్ళు హాస్టల్లో పిల్లల నాడి పట్టుకున్నదాన్ని. నీ అచ్చు ఉత్తరాలు ఎందుకో, బ్లేడు పని అంజన్ ఎందుకు చేశాడో, మార్చిలో రమ్మంటే ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది.

చెరిపేటప్పుడు నీ చెయ్యి వణకలేదా అని అడిగాను, మొదటి ఉత్తరంలో. దానికి నువ్వు జవాబు రాయలేదు. ఇప్పుడు దాన్ని అడగడం లేదు. ఎప్పట్నుంచి వణుకుతోందిరా? డాక్టరుకు చూపించావా? అన్నం ఎలా కలుపుకుంటున్నావు?

క్షమించానని రాయమన్నావు. అది కాగితం మీద రాయించే మాట కాదు. బస్సెక్కి రా. కప్పులో కాఫీ ఒలికినా నాకు కనపడదు. ఏ రోజు వస్తావో రాజమల్లుతో చెప్పి పంపు, కమల బస్టాండుకు వస్తుంది.

అక్క